అట్ట మీది ఎర్ర త్రికోణం

తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటాను. ఆ ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు సంఘం అధ్యక్షుడి ఇంటి బేస్‌మెంట్‌లో నేను బుద్ధిగా సమోసా తింటూ కూర్చుని ఉంటే, మా అమ్మాయి గీసిన అట్ట బతికి బట్టకట్టేది. నోట్లో తిండి పెట్టుకుని మాట్లాడకూడదని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. అందుకని నేను సమోసా పక్కన పెట్టి మరీ మాట్లాడాను. నలభై నిమిషాలు. స్లైడ్లతో. ఎవరూ అడక్కుండానే.

ఏం మాట్లాడానో చెప్పేముందు, నాకా పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి.

నేపర్‌విల్‌లో అంటే షికాగో శివార్లలో, ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఇతరులు చేసిన తప్పులు వెతకడం నా ఉద్యోగం. నా తప్పులు వెతకడం మా ఆవిడ ఉద్యోగం. ఇద్దరిలో ఆవిడకే పని ఎక్కువ. ఒక చలికాలం శనివారం ఏదో పని మీద షికాగో వెళ్లాను. మంచు పడి తిరుగు ట్రెయిన్ ఆలస్యమైంది. వెచ్చగా ఉంటుంది కదా అని దగ్గరలో కనిపించిన మ్యూజియంలో దూరాను. కళ కోసం కాదు, కాళ్ల కోసం.

అక్కడ ఒక గదిలో వందేళ్ల కిందటి యూరప్ పోస్టర్లు వేలాడుతున్నాయి. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఒక గీత ఏటవాలుగా పోతోంది. దాన్ని ఆనుకుని ఒక వృత్తం. నాలుగు మాటలు పక్కకి తిరిగి నిలబడి ఉన్నాయి. మిగిలిందంతా ఖాళీ. ఆ ఖాళీ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు గానీ, నేను ఎక్కాల్సిన ట్రెయిన్ వెళ్లిపోయింది, దాని తరవాతదీ వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఇజాల మోజులో పడ్డాను. నిజాలు తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. శనివారం వస్తే ట్రెయిన్ ఎక్కడం, లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకాలు మోసుకురావడం, డైనింగ్ టేబుల్ మీద పరచడం, అన్నం వేళకి మా ఆవిడ వాటిని ఎత్తి సోఫాలో పడేయడం. ఇటలీలో ఫ్యూచరిజం వాళ్లు మోటారు కారు వేగం ముందు పాత శిల్పాలన్నీ దండగన్నారు, మ్యూజియాలు తగలబెట్టమన్నారు. ఇవాళ వాళ్ల బొమ్మలు ఆ మ్యూజియాల్లోనే ఏసీలో చల్లగా ఉన్నాయి. యుద్ధం కూడా మంచిదే అన్నారు. యుద్ధం వచ్చింది, వాళ్లలో కొందరు దాంట్లోనే పోయారు. ఆ యుద్ధాన్ని చూసి రోత పుట్టి స్విట్జర్లాండ్‌లో తలదాచుకున్నవాళ్లు పేపర్లు కత్తిరించి, మాటలు కలగాపులగం చేసి, అర్థం లేని పద్యాలు చదివి, దానికి డాడా అని పేరు పెట్టారు. మా అమ్మాయి పుట్టాక మొదట పలికిన మాట కూడా అదే. ఉద్యమం మా ఇంటికి వచ్చేసిందని నేను అప్పట్లో గ్రహించలేదు.

డచ్చివాళ్లది మరీ పట్టుదల. నిలువు గీత, అడ్డు గీత తప్ప ఇంకోటి గీయకూడదన్నారు. వాళ్లలో ఒకాయన ఏటవాలు గీత గీశాడని స్నేహాలు చెడిపోయాయి. ఒక్క గీత వాలినందుకు! అయినా నవ్వే హక్కు నాకు లేదు, మా ఊళ్లో తెలుగు సంఘం మూడుగా చీలడానికి అంతకన్నా బలమైన కారణం ఏమీ లేదు. రష్యాలో విప్లవం వచ్చాక బొమ్మలేసేవాళ్లు చట్రాల్లో బిగించిన బొమ్మలు మానేసి గోడల మీదికి, కరపత్రాల్లోకి వచ్చారు. జర్మనీలో ఒక బడివాళ్లు అసలు పెద్దక్షరాలు ఎందుకని వాటిని తీసిపారేశారు. అది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన లిపిలో పెద్దక్షరాలు ఎప్పుడున్నాయి? వాళ్లు పోట్లాడి తెచ్చుకున్నది మనకి ఓనమాలతోనే వచ్చింది. పైగా మన అక్షరం పుట్టుకతోనే గుండ్రం. వృత్తం గీయడానికి వాళ్లకి కంపాసు కావాలి, మనకి పలక చాలు.

వీళ్లందరూ ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నా, చాలామంది ఒక మాట దగ్గర కలిశారు. అలంకారం దండగ. పూలూ తీగలూ నగిషీలూ తీసేస్తే వస్తువేమిటో కనిపిస్తుంది, అది కూలివాడికీ షావుకారుకీ ఒకేలా అందుతుంది. నేనది నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నానేమో. కానీ ఆ మ్యూజియంలోంచి బయటికి రావాలంటే దుకాణంలోంచి రావాలి. పోస్టర్‌లో చూసిన ఎర్ర వృత్తం అక్కడ కాఫీ మగ్గు మీద ఉంది, సోఫా దిండు మీద ఉంది, కుక్క మెడపట్టీ మీద ఉంది. కూలివాడి కోసం గీసిన గీత కుక్క మెడకి చుట్టుకుంది. ఆ వ్యవహారంలో నాకు మొదటిసారి రోత పుట్టింది అక్కడే. అయినా ఒక గొడుగు కొనుక్కున్నాను. నా రోతకి నిలకడ తక్కువ.

ఇక సంఘం సంగతి. ఏటా ఉగాదికి మేమొక ప్రత్యేక సంచిక అచ్చు వేస్తాం. దానికి నేను సంపాదకుణ్ని. ఆ మాటలో సంపాదన ఉంది గానీ ఆ పనిలో లేదు. కథలు, కవితలు, పిల్లల బొమ్మలు, అధ్యక్షుడి సందేశం, మధ్యమధ్యలో ప్రకటనల్లో ఇళ్లు అమ్మేవాళ్ల నవ్వులు. ఏ ఏడాది అట్ట చూసినా ఒకటే తంతు. కలశం, కొబ్బరికాయ, మామిడి తోరణం, గోపురం, నెమలి, చార్మినార్, కూచిపూడి అమ్మాయి, అమెరికా జెండా, అందరూ ఒకే కారులో ఇరుక్కున్నట్టు. ఎక్కడైనా తెల్లకాగితం ఒక అంగుళం మిగిలితే మావాళ్లకి పండగపూట గుమ్మానికి తోరణం కట్టనట్టు ఉంటుంది.

మా అమ్మాయి ఇంకో ఊళ్లో కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. వారానికోసారి తెలుగు నేర్పే మనబడికి రెండేళ్లు పంపాం. మూడో ఏడు ఈత నేర్చుకుంటానంది. చలికాలం సెలవులకి వచ్చినప్పుడు నా పాత సంచికలన్నీ వరసగా పేర్చి చూసి, "నాన్నా, డోంట్ ఫీల్ బ్యాడ్, కానీ ఈ కవర్స్ అన్నీ అరుస్తున్నై" అంది.

"అయితే అరవనిది నువ్వొకటి చెయ్యి."

"నాకు తెలుగు రాయడం రాదు కదా."

"మూడు అక్షరాలే. ఉ, గా, ది."

ఆ మూడు అక్షరాల మీద అయిదు వారాలు కూర్చుంది. కాలేజీకి తిరిగి వెళ్లాక కూడా వీడియో కాల్‌లో చూపించేది. ముందు నా చేతిరాత చూసి గీసింది, తరవాత పాత అచ్చు పుస్తకాలు చూసి, తరవాత అన్నీ చెరిపేసి, వృత్తంలో పావు ముక్క, తిన్నని గీత, ఈ రెండిటితోనే మొదలుపెట్టింది.

"నాన్నా, ఈ 'ది' పైన లూప్ ఉంది కదా. అది డెకరేషనా, మీనింగా?"

"మీనింగే. దాన్ని గుడి అంటారు. అది తీసేస్తే 'ది' కాదు."

"గుడి అంటే టెంపుల్ కదా?"

"టెంపులే. ప్రతి 'ది' నెత్తి మీదా ఒక టెంపుల్ ఉంటుంది."

"ఓకే. అయితే ఉంచుతా. కానీ చిన్న టెంపుల్."

చివరికి వచ్చిన అట్ట ఇలా ఉంది. కాగితమంతా తెలుపు. కింద కుడివైపు నల్లగా మూడు అక్షరాలు. వాటి కింద ఏటవాలుగా ఒక నల్ల పట్టీ. పైన, మొన కిందికి పెట్టి, ఒక ఎర్ర త్రికోణం. "అది కొత్త ఇయర్, నాన్నా. ల్యాండ్ అవుతోంది" అంది. 'ఉ' చుట్టు తిరిగిన తీరు చూస్తే, ఆ అక్షరాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదేమో అనిపించింది. పుట్టి ఇరవై ఏళ్లకి మా అమ్మాయి తెలుగులో రాసినవి ఆ మూడక్షరాలే. అవి అచ్చులో, తెలుగు చదివేవాళ్ల చేతుల్లో చూసుకోవాలని దాని ఆశ. పైకి అనలేదు గానీ, ఉగాది రోజుకి బస్సు టికెట్ అప్పుడే బుక్ చేసుకుంది.

"నాన్నా, ప్రామిస్ చెయ్యి. వాళ్లు దీన్ని ఫిక్స్ చెయ్యరు కదా?"

"నేను ఎడిటర్ని. నన్ను దాటి ఎవరు ముట్టుకుంటారు?" అన్నాను. ఆ మాట అన్న నోరే తరవాత ఆ బేస్‌మెంట్‌లో తెరిచాను.

కార్యవర్గం ఏడుగురం. అధ్యక్షుడు నాకన్నా పదిహేనేళ్లు చిన్న, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు, ఒక పెద్ద టీమ్‌కి మేనేజరు. మనిషి మంచివాడే, అదే అసలు చిక్కు. అందరిలోకీ పెద్దావిడ ఒక రిటైరైన లేడీ డాక్టరుగారు. గుంటూరు నుంచి వచ్చి యాభై ఏళ్లవుతోంది, మా ఊళ్లో సగం మంది తెలుగు పిల్లలు ఆవిడ చేతుల మీదే పుట్టారు. నేను అట్ట తెర మీద చూపించాను.

"మస్తు క్లాస్‌గుందన్నా" అన్నాడు అధ్యక్షుడు.

"కళ్లకి హాయిగా ఉందయ్యా. అమ్మాయే వేసిందీ? శభాష్" అన్నారు డాక్టరుగారు.

ఓటుకి చేతులు లేస్తున్నాయి. నాలుగు చేతులు సగం దాకా వచ్చాయి కూడా. సరిగ్గా అప్పుడు నాకో దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. వీళ్లు ఒప్పుకుంటున్నారు గానీ అర్థం చేసుకోవడం లేదే! సమోసా పక్కన పెట్టాను. లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. ఇటలీ అయింది, స్విట్జర్లాండ్ అయింది, డచ్చివాళ్ల గీతల గొడవ అయింది. జనం మొహమాటం కొద్దీ వింటున్నారు. రష్యా స్లైడ్ దగ్గర, ఈ త్రికోణాలూ ఈ ఏటవాలు పట్టీలూ అక్కడి విప్లవం గోడల మీదినుంచి వచ్చినవని గొప్పగా చెప్పాను.

అధ్యక్షుడు టీ కప్పు కింద పెట్టాడు. "ఒక్క నిమిషం అన్నా. గీ త్రికోణం రష్యాదా?"

"రష్యాది కాదు, ఆ పద్ధతి..."

"విప్లవం అన్నవ్ గదా. అంటే కమ్యూనిస్టులదే గదా."

"అప్పటి కళాకారులది."

"అన్నా, మనోళ్లు ఎంతమంది గ్రీన్‌కార్డ్ లైన్ల ఉన్నరో నీకు తెల్వదా? ఫారంల అడుగుతరు, కమ్యూనిస్ట్ పార్టీ మెంబరా అని. రేపు గీ బుక్కు ఆఫీసర్ ముంగట పడితే ఏమంటం?"

"ఇమిగ్రేషన్ ఆఫీసరు మన ఉగాది సంచిక చదువుతాడా? మనవాళ్లే చదవరు!"

ఈ మాటతో గెలిచాననుకున్నాను. డాక్టరుగారు కళ్లద్దాలు పైకి జరుపుకుని తెర దగ్గరికి వచ్చారు. "కమ్యూనిజం సంగతి నాకు తెలియదు గానీ, తలకిందుల ఎర్ర త్రికోణం అంటే కుటుంబ నియంత్రణ కదయ్యా! నేను హౌస్ సర్జన్సీ చేసిన ఆస్పత్రి గోడ మీద ఇంతది ఉండేది. ఇందాకట్నుంచీ ఎక్కడో చూశానే అనుకుంటున్నా."

బేస్‌మెంట్ పగలబడి నవ్వింది. "కొత్త సంవత్సరం రోజు ఇంటింటికీ ఫ్యామిలీ ప్లానింగా!" అన్నాడు అధ్యక్షుడు కళ్లు తుడుచుకుంటూ. నేనూ నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాను, ఆవిడ చెప్పింది నిజం. ఆ గోడలు నేనూ చూశాను. వందేళ్ల యూరప్ చరిత్ర చదివినవాణ్ని, మా ఊరి ఆస్పత్రి గోడ మరిచిపోయాను. లేచిన చేతులు దిగి సమోసాల మీదికి వెళ్లాయి.

"ఫికర్ చెయ్యకన్నా. డిజైన్ గట్లనే ఉంటది. ఆ త్రికోణం ఒక్కటి జర టచప్ చేద్దాం. ఫైల్ పంపు" అన్నాడు అధ్యక్షుడు వెళ్లేటప్పుడు, నా భుజం మీద చెయ్యి వేసి. పంపాను. లేయర్లంటారే, అలా ఏ పొరకి ఆ పొర విడిగా, ఎవరైనా ఏదైనా మార్చుకునేట్టు పంపాను. పొరపాటు అన్న మాట పొర దగ్గరే పుట్టి ఉంటుంది.

రెండు వారాల తరవాత లంచ్ టైమ్‌లో ప్రెస్‌కి వెళ్లాను, లోపలి పేజీల సంగతి మాట్లాడదామని. అట్టలు మందపాటి కాగితం మీద ముందే వేసేస్తారు. అవి అప్పటికే కట్టలు కట్టి బల్ల మీద ఉన్నాయి. ప్రెస్సాయన, తెల్లగడ్డం అమెరికన్, పైది తీసి నా చేతిలో పెట్టి, "ఈ ఏడాదిది కళ్లు చెదిరేట్టు వచ్చింది" అన్నాడు ఇంగ్లిష్‌లో. ఆయన తిట్టాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

చెదరడం కళ్లతో ఆగలేదు. త్రికోణానికి ఆకుపచ్చ రంగు పూసి, పైన రెండాకులు తగిలించి మామిడికాయ చేద్దామనుకున్నారు. పాచి పట్టిన సమోసాలా తయారైంది. తెల్లకాగితం జాడ లేదు. ఎక్కడినుంచో కత్తిరించి తెచ్చిన గోపురం, దాని మీద ఆ బొమ్మ అమ్మేవాళ్ల ముద్ర చెరపకుండా అలాగే ఉంది. కంప్యూటర్ని అడిగి గీయించుకున్న పట్టుపరికిణీ అమ్మాయి కలశం పట్టుకుని నిలబడింది. ఆ చేతికి ఏడు వేళ్లున్నాయి, ఆ ఏడూ మైనం కరిగినట్టు ఒకదాంట్లోకి ఒకటి కారుతున్నాయి. కింద ఎడమవైపు, మా అమ్మాయి అయిదు వారాలు కాపాడిన ఖాళీలో, ఇళ్ల లోన్లు ఇప్పించే స్పాన్సరు, భుజాల దాకా సూటు, చెవుల దాకా పళ్లు.

అక్షరాలు మాత్రం మార్చలేదు. మార్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆ మూడక్షరాలనే ఉబ్బించారు. నీళ్లలో నానిన శవంలా ఉబ్బిన 'ఉ'. దాని మీద బంగారు పూత, పూత మీద మెరుపు, మెరుపు కింద నీడ. 'ది' మీద ఉన్న చిన్న గుడిలో ఒక మిలమిల నక్షత్రం. అక్షరంలో ఉన్న గుడి చాలక పక్కన ఇంకో గుడి, అదీ చాలక గుడిలో దీపం. పైనంతా మెరిసే ప్లాస్టిక్ పొర. వేడివేడిగా మిషన్లోంచి వచ్చిన ఆ వాసన నా నాలిక మీదికి ఎక్కింది. వేళ్లు జిగురుగా అనిపించి ప్యాంటుకి తుడుచుకున్నాను, మళ్లీ తుడుచుకున్నాను. ఆ జిగురు అట్టదో నాదో తెలియలేదు.

కార్లో కూర్చుని అధ్యక్షుడికి ఫోన్ చేశాను.

"చూసినవా అన్నా! ఎట్లుంది?"

"అదేమిటయ్యా, త్రికోణం ఒక్కటే అన్నావు!"

"స్పాన్సర్ ఫ్రంట్ కవర్ కావాలన్నడు. ఖాళీ ఉండె గదా."

"అది ఖాళీ కాదు."

"మరేందన్నా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర నలభై నిమిషాల జవాబు ఉంది. ఈ అట్టని ఇంతదాకా తెచ్చింది ఆ జవాబే.

"పరేషాన్ గాకు. పాప పేరు లోపల పెద్దగ ఏస్తున్నం. 'ముఖచిత్రం' అని. క్రెడిట్ ఇయ్యకపోతే తప్పు గదా" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. బొమ్మని చిత్రవధ చేసి, దాని కింద మా అమ్మాయి పేరే పెట్టడం ఆయన దృష్టిలో మర్యాద.

అట్ట ఫోటో సాయంత్రానికి సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. దండాలు, పువ్వులు, టపాసులు, 'సూపర్', 'కన్నుల పండుగ'. వరసలో అందరి తరవాతా నా వంతు వచ్చినట్టు అనిపించింది. నేనేం పెట్టాను? బొటనవేలు. దాని పక్కన 'బాగుంది'. పెట్టి చూసుకున్నాను. స్పాన్సరు పళ్లకన్నా, ఏడు వేళ్ల చేతికన్నా, ఆ ఒక్క వేలే నాకెక్కువ అసహ్యంగా కనిపించింది. ఆ చేత్తో అన్నం కలపబుద్ధి కాక చెంచా తీసుకుంటే, మా ఆవిడ "చేతికేమైంది?" అంది. "ఏమీ కాలేదు, అదే గొడవ" అన్నాను.

మా అమ్మాయికి చెప్పాలి. ధైర్యం కూడగట్టుకుని ఫోన్ చేసేసరికి, వాళ్లమ్మ పంపిన ఫోటో అప్పటికే చూసేసింది.

"ఇట్స్ ఓకే నాన్నా" అంది.

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"వాళ్లకి షైనీ ఇష్టం కదా. ఇట్స్ ఫైన్. నేను 'ది' చాలాసార్లు గీశా నాన్నా. యూ నో దట్."

"తెలుసమ్మా. నీ పేరు తీసేయించనా?"

"యా. ప్లీజ్."

కన్నతండ్రితో ఎవరైనా ప్లీజ్ అంటారా? ఎదుటివాడు పరాయివాడైపోయినప్పుడు అంటారు. బస్సు టికెట్ సంగతి నేను అడగలేదు, అది చెప్పలేదు.

ఆ వారమంతా నాకు ఏది చూసినా రోతే. బంతిపూల మీద కోపం లేదు, గోపురాల మీదా లేదు. వాటిని ఈసడించుకుంటూ తిరిగిన నా ఇజాల బడాయి కూడా ఆ అట్టంత జిగురుగానే ఉందని అనిపించింది. అలంకారం దండగ అని చెప్పడానికి అరవై స్లైడ్లు అలంకరించుకున్నవాణ్ని నేను. గొడుగు తీసుకెళ్లి గరాజ్‌లో పడేశాను. మర్నాడు వాన వస్తే తెచ్చుకున్నాను.

లోపలి పేజీలు ప్రెస్‌కి వెళ్లడానికి మూడు రోజుల ముందు అధ్యక్షుడి సందేశం వచ్చింది. ఏడేళ్లుగా ఏ అధ్యక్షుడి సందేశమైనా నేను ముట్టుకోకుండా వేసేవాణ్ని. ఈసారి అయిదు పేజీలు. 'ప్రియాతిప్రియమైన ప్రవాస తెలుగు ఆత్మబంధువులకు, శ్రేయోభిలాషులకు హృదయపూర్వక, మనఃపూర్వక, ఆత్మపూర్వక శుభాభినందన మందారమాలలు' అని మొదలైంది. రెండో పేజీ చివరికి ఇంకా నమస్కారాలే పూర్తి కాలేదు. దాని వెనకే ఆయన ఫోన్ వచ్చింది.

"అన్నా, జర లెంత్ ఎక్కువైందనిపిస్తుంది. ఒక్క పేజీల పట్టాలె. నీ ఇష్టమున్నట్టు ట్రిమ్ చెయ్యి."

"నా ఇష్టమేనా?"

"నువ్వే గదా ఎడిటర్‌వి! నాకు మళ్ల చూపించుడు కూడ అవసరం లేదు."

ఫోన్ పెట్టేసి ఆ అయిదు పేజీలూ ప్రింట్ తీశాను. ఆఫీసులో తప్పులు వెతికినంత శ్రద్ధగా కూర్చున్నాను. ముందు మందారమాలలు తీశాను. తరవాత 'పూర్వకాలు' మూడూ. తరవాత తెలుగు జాతి ఔన్నత్యం, అవిరళ కృషి, అకుంఠిత దీక్ష, అహర్నిశలు. స్పాన్సర్లకి కృతజ్ఞతలు వేరే పేజీలో ఎలాగూ ఉన్నాయి, ఇక్కడ కొట్టేశాను. తన హయాంలో జరిగినవన్నీ సంఘం నివేదికలో ఉన్నాయి, కొట్టేశాను. ఏ మాట తీసేసినా కింద ఏమైనా మిగులుతుందేమోనని చూస్తూ పోయాను. నాలుగో పేజీ మధ్యలో రెండు వాక్యాలు దొరికాయి. అవి తీస్తే మాత్రం విషయం పోతుంది. ఆయన రాసిన మాటలే, నేను ఒక్కటి కూడా కలపలేదు.

మా అమ్మాయికి ఫోన్ చేశాను. "ఇంకో నాలుగు అక్షరాలు గీస్తావా?"

"దేనికి?" గొంతులో ఉత్సాహం లేదు.

"ఒక పేజీకి. ఈసారి ఎవరి చేతికీ ఇవ్వను. తిన్నగా ప్రెస్‌కే."

"ఏం రాయాలి?"

"ఉగాదికి రండి. భోజనం ఉంది."

అటునుంచి కిసుక్కున నవ్వింది. "దట్స్ ఇట్? ఇది ఎవరు రాశారు?"

"మా ప్రెసిడెంటు. చాలా కష్టపడి రాశాడు."

నాలుగనుకున్నవి ఏడు అయ్యాయి. రెండు రోజులు కాలేజీ ఎగ్గొట్టి గీసిందని తరవాత తెలిసింది. 'భో' దగ్గర ఏడిపించింది, 'జ' దగ్గర నేను ఏడిచాను, ఎందుకంటే 'జ' ఎలా తిరుగుతుందో ఫోన్‌లో మాటలతో చెప్పడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. సున్న దగ్గర ఆగి, "ఇది జస్ట్ సర్కిలా? నిజంగా?" అంది. నిజంగానే అన్నాను. "ఫైనల్లీ!" అంది.

మూడో పేజీ అంతా తెల్లగా వదిలేశాం. కింద కుడివైపు నల్లగా ఆ రెండు వాక్యాలు, కొంచెం ఏటవాలుగా. దాని కింద సన్నగా అధ్యక్షుడి పేరు, హోదా. అంచున ఇంకా సన్నగా 'అక్షరాలు' అని, దాని పక్కన మా అమ్మాయి పేరు. రెండో పేజీలో 'ముఖచిత్రం' అన్నచోట దాని పేరు తీసేసి 'సంఘం కార్యవర్గం' అని పెట్టాను. ఎవరి క్రెడిట్ వాళ్లకివ్వడం మర్యాద కదా.

ఉగాది రోజు స్కూల్ ఆడిటోరియం బయట సంచికలు పంచే బల్ల దగ్గర నేను నిలబడ్డాను. మా అమ్మాయి బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చింది. అట్ట వైపు చూడనే లేదు, ఒక సంచిక తీసి మూడో పేజీ దగ్గర తెరిచి, బల్ల మీద అలాగే పెట్టింది. వచ్చినవాళ్లు దాన్ని చూసి, గట్టిగా చదివి, నవ్వి, ఒకరికొకరు చూపించుకుంటూ లోపలికి వెళ్తున్నారు. డాక్టరుగారు ఆ పేజీ దూరంగా పట్టుకుని చూసి, "పాతికేళ్ల నుంచి ప్రెసిడెంట్ల సందేశాలు వస్తున్నాయి, పూర్తిగా చదివింది ఇదేనయ్యా" అన్నారు.

పట్టు షేర్వాణీలో అధ్యక్షుడు వచ్చాడు, వెనక స్పాన్సరు. సంచిక అందుకుని, అట్ట మురిపెంగా నిమిరి, పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు, చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు. మూడో పేజీని మూడుసార్లు దాటిపోయాడు.

"అన్నా, నా మెసేజ్ ఏదన్నా? పేజీ మిస్సయినట్టుంది."

"లేదయ్యా, ఉంది. నువ్వన్నట్టే ఒక్క పేజీలో పట్టించాను" అని, సరైన పేజీ తీసి ఆయన చేతిలో పెట్టాను. చదివాడు. ఎంతోసేపు పట్టలేదు.